బంతాటలో మొనగాడు ఎవరు?

మన తెలుగువాళ్ళకు వాదన పెట్టుకోవడానికి పెద్ద కారణం అక్కరలేదు. తిక్కన గొప్పవాడా, పోతన గొప్పవాడా అని మా తాతల నాడు వీధి అరుగుల మీద పొద్దుగూకేదాకా చర్చ జరిగేది. రామారావు గొప్పా, నాగేశ్వరరావు గొప్పా అని మా నాన్నల నాడు హోటళ్ళలో కాఫీలు చల్లారిపోయేవి. ఇప్పుడు మా ఇంట్లో ఆ వంతు మా అబ్బాయికి వచ్చింది. వాడి చర్చ ఫుట్‌బాల్ గురించి. ప్రపంచంలో ఇంతవరకూ పుట్టిన ఆటగాళ్ళందరిలోనూ ఎవరు మొదటివాడు, ఎవరు రెండవవాడు అని ఒక జాబితా రాసి, చదువుకునే బల్ల ఎదురుగా గోడకు అంటించాడు. పదో తరగతి పరీక్షల టైం టేబిలు పక్కనే దానికి చోటు దొరికింది.

ఆ జాబితా మా ఇంట్లో ఎంత అల్లరి లేవదీసిందో, చివరికి దానికి ఏ గతి పట్టిందో చెబుతాను.

2022 డిసెంబరు 18, ఆదివారం రాత్రి. కతార్ దేశంలో అర్జెంటీనాకు, ఫ్రాన్సుకు ప్రపంచ కప్పు తుది పోటీ. ఆట 3-3తో సమంగా ముగిసింది. పెనాల్టీలలో 4-2తో అర్జెంటీనా గెలిచింది. మెస్సీ కప్పు ఎత్తి పట్టుకోగానే మా అబ్బాయి కుర్చీ ఎక్కి తీర్పు చెప్పేశాడు.

“ఇంక వాదన లేదు. అందరిలోకీ మెస్సీయే మొనగాడు!”

ఇంట్లో పెద్దవాళ్ళుండగా తీర్పు అంత సులభంగా అమలవుతుందా? మా మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “ఒరేయ్, 1986లో మారడోనాను చూడనివాడు ఈ సంగతి మాట్లాడకూడదురా” అన్నారు. మా బావమరిది, “బావా, రొనాల్డో గోల్స్ లెక్క వీడికి ఎవరైనా చెప్పారా?” అని నన్ను సాక్ష్యానికి పిలిచాడు. పక్క వాటాలో ఉండే మేష్టారు ఎనభై దాటినవారు. మా ఇంటికి ఆట చూడడానికి వచ్చారు. ఆయన మాత్రం తాపీగా, “పీలే ఉండగా ఈ గొడవ ఎందుకర్రా?” అన్నారు.

సరిగ్గా పదకొండు రోజుల తరవాత, డిసెంబరు 29న, పీలే కన్నుమూశాడు. దానితో చల్లారబోతున్న వాదన మళ్ళీ రాజుకున్నది.

గోల్స్ లెక్క

బావమరిది బ్యాంకు ఉద్యోగి. అతనికి అంకెలంటే గౌరవం. “ఎక్కువ గోల్స్ కొట్టినవాడే గొప్పవాడు. దీనిలో మొహమాటం ఏముంది?” అంటాడు. రొనాల్డో తన 900వ గోలును 2024 సెప్టెంబరు 5న క్రొయేషియా మీద కొట్టినప్పుడు ఇంటికి మిఠాయి పొట్లం తెచ్చాడు కూడాను.

కాని అంకెలకూ ఒక కథ ఉంటుంది. పీలే 1,363 ఆటలలో 1,281 గోల్స్ కొట్టాడని ప్రసిద్ధి. ఇందులో స్నేహపూర్వకపు ఆటలున్నాయి, ఆయన సైన్యంలో ఉన్న రోజుల్లో సైనిక జట్టు తరఫున ఆడినవీ ఉన్నాయి. అసలైన పోటీలను మాత్రమే లెక్కిస్తే అది 760కి అటూ ఇటూ తేలుతుంది. “చూశారా, సగానికి సగం పోయింది!” అని బావమరిది సంబరపడ్డాడు. అంత తొందర అక్కరలేదు. ఆ రోజుల్లో పీలే ఆడిన సాంటోస్ క్లబ్బు దేశదేశాలు తిరిగి, యూరపులోని పెద్ద క్లబ్బులతో ఆడి డబ్బు సంపాదించుకునేది. అవి పేరుకు స్నేహపూర్వకమే అయినా, ఆ జట్లవాళ్ళు పీలేకు గోల్స్ దానం చెయ్యడానికి మైదానంలోకి దిగలేదు గదా!

మరొక ముచ్చట. దేశం తరఫున పీలే కొట్టినవి 77 గోల్స్. హంగరీ వీరుడు పుష్కాష్ 85 ఆటలలో 84 కొట్టాడు. మన సికింద్రాబాదులో పుట్టిన సునీల్ ఛెత్రి 2024 జూన్‌లో మొదటిసారి విరమించుకునేనాటికి భారతదేశం తరఫున 94 కొట్టాడు. మనకు గర్వకారణమే. అంతమాత్రాన ఛెత్రిని పీలే కంటె పై మెట్టు మీద కూర్చోబెడదామా? ఎన్ని కొట్టాడన్న ప్రశ్నకు ఎవరి మీద కొట్టాడన్న ప్రశ్న కవల పిల్ల.

పైగా, గోల్స్ ఒక్కటే కొలబద్ద అయితే గోలు కాకుండా అడ్డుకునేవాడి గతి ఏమిటి? నల్లటి దుస్తులు వేసుకుని సోవియట్ జట్టుకు కాపలా కాసిన లెవ్ యాషిన్ ఉన్నాడు. వెనకవరస నుంచే ఆట నడిపించి, 1974లో పశ్చిమ జర్మనీకి కెప్టెనుగానూ, 1990లో శిక్షకుడుగానూ ప్రపంచ కప్పు తెచ్చిన బెకెన్‌బావర్ ఉన్నాడు. ఇటువంటివాళ్ళు బావమరిది లెక్కల పుస్తకంలో ఏ పేజీలోనూ కనబడరు.

కప్పుల లెక్క

“గోల్స్ పోనీయండి. కప్పు గెలిచినవాడు గొప్పవాడు” అన్నారు మామగారు. ఆయన వాదన వెనక 1986 జూన్ 22 అర్ధరాత్రి ఉన్నది. ఆనాడు దూరదర్శన్‌లో మెక్సికో నుంచి అర్జెంటీనా, ఇంగ్లండుల ఆట వచ్చింది. వీధి మొత్తానికి రెండే టీ.వీ.లు. కిటికీలో నించుని చూశారట. మారడోనా మొదట చేత్తో బంతిని లోపలికి నెట్టాడు. రెఫరీ గమనించక గోలు ఇచ్చాడు. నాలుగు నిమిషాలు తిరక్కుండా, తన సగంలో బంతి అందుకుని, ఎదురొచ్చినవాళ్ళనల్లా తప్పించుకుంటూ, చివరకు గోల్‌కీపరు షిల్టన్‌ను కూడా దాటి మరొక గోలు కొట్టాడు. “ఒకే మనిషి, ఒకే ఆట. మొదటిది దొంగతనం, రెండవది దానం” అంటారు మామగారు. ఆ ఏడు కప్పు అర్జెంటీనాదే. అంతకుముందు ఇటలీ లీగు ఒక్కసారి కూడా గెలవని నేపోలీ క్లబ్బు 1987లోనూ, 1990లోనూ గెలిచింది కూడా మారడోనా ఉండబట్టే. మాదకద్రవ్యాల మూలాన ఆయన తరవాత నిషేధాలు అనుభవించిన మాటా నిజమే. మామగారు ఆ ప్రసంగం వచ్చినప్పుడు మంచినీళ్ళ కోసం లోపలికి వెళతారు.

అయితే కప్పు కొలబద్దగా పెట్టుకుంటే చాలా అన్యాయాలు జరిగిపోతాయి. ఆల్ఫ్రెడో డి స్టెఫానో 1956 నుంచి 1960 దాకా వరసగా ఐదు సార్లు రియల్ మాడ్రిడ్‌కు యూరపు కప్పు గెలిపించాడు. ఐదు తుది పోటీలలోనూ గోలు కొట్టాడు. పాపం, ప్రపంచ కప్పులో ఒక్క ఆట కూడా ఆడలేదు. నాలుగేళ్ళపాటు ఓటమి ఎరుగని పుష్కాష్ జట్టు 1954 తుది పోటీలో పశ్చిమ జర్మనీ మీద ఎనిమిది నిమిషాలకే రెండు గోల్స్ ముందుండి, చివరకు 3-2తో ఓడిపోయింది. హాలండు మేధావి యోహాన్ క్రైఫ్ ఆట ఆడే పద్ధతినే మార్చివేశాడు. 1974 తుది పోటీలో ఓడాడు. వీళ్ళ కాళ్ళలోని విద్య ఆ ఒక్క రోజుతో తరిగిపోయిందా?

మెస్సీ సంగతే చూడండి. ఆ తుది పోటీలో, ఆట ఇంక ముగుస్తుందనగా, ఫ్రాన్సు ఆటగాడు కోలో మువానీ ఒంటరిగా గోలు ముందుకు వచ్చి బంతిని తన్నాడు. అర్జెంటీనా గోల్‌కీపరు మార్టినెజ్ ఎడమకాలు చాచి ఆపాడు. ఆ కాలు జానెడు ఇటు ఉంటే కప్పు ఫ్రాన్సుకు పోయేది. “అప్పుడు మెస్సీ గొప్పవాడు కాకుండా పోయేవాడా?” అని మా అబ్బాయిని అడిగాను. వాడు చాలాసేపు ఆలోచించి, “అప్పుడు కూడా గొప్పవాడే. కాని మీరెవరూ ఒప్పుకునేవాళ్ళు కారు” అన్నాడు. ఇంత తెలివైన జవాబు వాడు లెక్కల పరీక్షలో కూడా రాయలేదు.

బహుమానాల లెక్క

పోనీ, పెద్దలిచ్చే బహుమానాలను బట్టి తేల్చుకుందామా? ఫుట్‌బాల్‌లో బాలన్ డోర్ అనే బంగారు బంతి బహుమానాన్ని ఒక ఫ్రెంచి పత్రిక 1956లో ప్రారంభించింది. మొదటిది 41 ఏళ్ళ ఇంగ్లీషు ఆటగాడు స్టాన్లీ మాథ్యూస్‌కు వచ్చింది. మెస్సీకి ఎనిమిది వచ్చాయి, రొనాల్డోకు ఐదు. పీలేకు ఒక్కటీ రాలేదు. మారడోనాకూ రాలేదు.

దీనికి కారణం వాళ్ళ ఆట కాదు, పుట్టిన గడ్డ. 1995 దాకా ఆ బహుమానం యూరపు దేశాల ఆటగాళ్ళకు మాత్రమే ఇచ్చేవారు. ఆ పత్రికే 2016లో పాత సంవత్సరాలను తిరగవేసి చూసి, ఈ నిబంధన లేకపోతే పీలేకు ఏడు, మారడోనాకు రెండు వచ్చి ఉండేవని తేల్చింది. పెళ్ళి అయిపోయాక కట్నం లెక్క చూసుకున్నట్టు!

ఇంతకంటె తమాషా 2000 సంవత్సరంలో జరిగింది. శతాబ్దపు ఆటగాడిని ఎన్నుకోవాలని అంతర్జాతీయ ఫుట్‌బాల్ సంఘం సంకల్పించి, ఇంటర్‌నెట్‌లో ప్రజల వోట్లు అడిగింది. మారడోనాకు నూటికి 53కి పైగా, పీలేకు 18కి పైగా వోట్లు వచ్చాయి. పెద్దలు ఉలిక్కిపడ్డారు. నిపుణులనూ, తమ పత్రిక పాఠకులనూ మళ్ళీ అడిగారు. వాళ్ళు పీలే అన్నారు. చివరకు బహుమానం ఇద్దరికీ ఇచ్చి చేతులు దులుపుకున్నారు. ఇంటర్‌నెట్ వాడే కుర్రకారు చూసింది మారడోనాను. నెరిసిన తలలు చూసింది పీలేను. ఎవరు కళ్ళారా చూసినది వాళ్ళకు ప్రమాణం.

కాలం తేడా

ఇక్కడ మేష్టారు గొంతు సవరించుకున్నారు. “నాయనా, ఆనాటి ఆట వేరు. 1966 ప్రపంచ కప్పులో పీలేను బల్గేరియావాళ్ళూ, పోర్చుగల్‌వాళ్ళూ తన్ని తన్ని కుంటివాణ్ణి చేశారు. అతని బదులు ఇంకొకణ్ణి దింపడానికి అప్పుడు వీలు లేదు. కుంటుకుంటూనే ఆట పూర్తి చేశాడు” అన్నారు. నిజమే. పసుపు, ఎరుపు చీట్లు చూపించడం, ఆట మధ్యలో మనిషిని మార్చడం ప్రపంచ కప్పులో 1970 నుంచే వచ్చాయి. ఇప్పుడు మెస్సీని ఆ విధంగా తన్నినవాడు అరగంటలో బయటికి పోవలసిందే.

మా అబ్బాయి ఊరుకోలేదు. “ఇప్పటి ఆటగాళ్ళ వేగం, బలం, శిక్షణ అప్పటివాళ్ళకు ఉన్నాయా మేష్టారూ?” అన్నాడు. అదీ నిజమే. ఎదుగుదల లోపంతో బాధపడిన మెస్సీ 13 ఏళ్ళ వయసులో బార్సిలోనా చేరితే, చికిత్స ఖర్చు క్లబ్బే భరించింది. బ్రెజిల్‌లో గరించా అనే మరొక పిల్లవాడు వంకర కాళ్ళతో పుట్టాడు. ఎవరూ ఏమీ చెయ్యలేదు. ఆ కాళ్ళతోనే ఎదుటివాళ్ళను బోల్తా కొట్టించి, 1962లో పీలే గాయపడి కూర్చుంటే తానొక్కడై బ్రెజిల్‌కు కప్పు తెచ్చాడు. పీలే, గరించా కలిసి ఆడిన ఏ ఆటలోనూ బ్రెజిల్ ఓడలేదు.

కాబట్టి 1958 నాటి కుర్రవాణ్ణి 2022లోకి లాక్కురావడం, ఇప్పటివాణ్ణి అప్పటి బురద మైదానంలోకి తోసివేయడం న్యాయం కాదు. తన కాలంలో తనతోటివాళ్ళ కంటె ఎవరు ఎంత ఎత్తుకు ఎదిగారన్నది చూడాలి. 17 ఏళ్ళ వయసులో పీలే ప్రపంచ కప్పు సెమీ ఫైనల్‌లో మూడు, తుది పోటీలో రెండు గోల్స్ కొట్టాడు. ఆ ఎత్తు ఏ కాలంలోనైనా ఎత్తే.

కాని దానికీ ఒక చిక్కు ఉన్నది: చూసిన ఆధారం ఉండాలి. పీలే తన గోల్స్‌లో చాలా అందమైనదిగా చెప్పుకున్నది 1959లో సావో పాలో నగరంలోని ఒక చిన్న మైదానంలో కొట్టినది. దానిని ఎవరూ సినిమా తీయలేదు. తరవాత చూసినవాళ్ళను అడిగి కంప్యూటరు బొమ్మలతో తయారుచేసుకోవలసి వచ్చింది. మెస్సీ ఆటను పది కెమెరాలు పది వైపుల నుంచి దాచిపెట్టాయి. ఒకడి వైభవం పెట్టెలో భద్రంగా ఉంది. ఇంకొకడిది మనుషుల జ్ఞాపకంలో ఉంది. మనుషులు పోతుంటే అదీ పోతున్నది.

మా అమ్మాయి వేసిన ప్రశ్న

ఇంత చర్చా వింటూ మూల కూర్చున్న మా అమ్మాయి, “అన్నయ్య జాబితాలో ఆడవాళ్ళు ఒక్కరూ లేరేం?” అన్నది. అందరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం.

బ్రెజిల్ ఆటగత్తె మార్తా 2023 నాటికి ప్రపంచ కప్పు పోటీలలో 17 గోల్స్ కొట్టింది. అప్పటికి మగవాళ్ళలో ఎక్కువ కొట్టినవాడు జర్మనీకి చెందిన క్లోజే, అతనివి 16. ఆమె సొంత దేశంలోనే ఆడవాళ్ళు ఫుట్‌బాల్ ఆడకూడదని 1941లో చట్టం చేశారు. 1979 దాకా అది అమలులో ఉంది. ఇంగ్లండులో 1920 క్రిస్మస్ రోజుల్లో ఆడవాళ్ళ ఆట చూడడానికి ఒకే మైదానానికి 53,000 మంది వచ్చారు. మరుసటి ఏడే అక్కడి సంఘం తన మైదానాలలో ఆడవాళ్ళను ఆడనివ్వరాదని నిషేధించింది. ఆ నిషేధం యాభై ఏళ్ళు సాగింది. ఆ యాభై ఏళ్ళలో ఎంతమంది పీలేలు వంటిళ్ళలో ఉండిపోయారో ఏ జాబితా చెబుతుంది?

అప్పుడు మా ఆవిడ పప్పు గిన్నె దించుతూ ఒక మాట అన్నది: “మీరంతా ఆటగాళ్ళను కొలుస్తున్నామనుకుంటున్నారు. ఎవరి జాబితా చూసినా వాళ్ళు ఏ సంవత్సరం టీ.వీ. ముందు కూర్చున్నారో తెలిసిపోతోంది. లేవండి, అన్నాలు చల్లారిపోతున్నాయి.”

ఒక చిన్న వార్త

ఆ సంగతి అంతటితో సద్దుమణిగింది. 2023 ఫిబ్రవరి 17 ఉదయం మేష్టారు చేతిలో పత్రికతో వచ్చారు. మనిషి దిగాలుగా ఉన్నారు. “బలరాం పోయాడు” అన్నారు.

“ఏ బలరాం మేష్టారూ?” అన్నాడు మా అబ్బాయి.

పీలే పోయిన రోజున అన్నం మానేసిన పిల్లవాడికి, మన సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టి పెరిగిన తులసీదాస్ బలరాం ఎవరో తెలియదు. తప్పు వాడిది కాదు, మేము చెప్పలేదు. నాకు తెలిసినదీ అంతంతమాత్రమే.

మేష్టారు కూర్చుని చెప్పారు. హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం అనే శిక్షకుడు ఉండేవాడు. చదువు చెప్పే పంతులుగా జీవితం మొదలుపెట్టినవాడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు సార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన శిక్షణలో భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ ఆటలో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల తుది పోటీలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణ పతకం తెచ్చింది. ఆ జట్టులో మన పక్కవాళ్ళు బలరాం, గోల్‌కీపరు తంగరాజ్, యూసఫ్ ఖాన్ ఉన్నారు. రహీంను అప్పటికే క్యాన్సరు తినేస్తున్నది. మరుసటి ఏడు జూన్‌లో చనిపోయాడు. ఆ తరవాత అరవై ఏళ్ళలో ఆ స్వర్ణం మళ్ళీ మన దేశానికి రాలేదు.

“1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీతో ఆడాం” అన్నారు మేష్టారు. “2-1తో ఓడాం. వాళ్ళకు గోలు కొట్టినవాళ్ళలో ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఒకడు. మనకు గోలు కొట్టినవాడు బలరాం. ఆ ఆల్బర్ట్‌కే తరవాత 1967లో మీరు చెప్పే బంగారు బంతి వచ్చింది. బలరాం జబ్బు చేసి, ముప్పై ఏళ్ళు నిండకుండానే ఆట మానుకున్నాడు. నేను హైదరాబాదులో అతని ఆట చూశాను. ఎడమ పక్కనుంచి బంతి తీసుకువస్తుంటే, పక్కనున్న సోడా బండివాడు సోడా కొట్టడం మరిచిపోయి చూసేవాడు.”

“పీలే అంతటివాడా?” అని అడిగాడు మా అబ్బాయి.

మేష్టారు అబద్ధం చెప్పలేదు. “కాదు నాయనా. అంతటివాడని నేను అనను. కాని ఎంతటివాడో కొలవడానికి నీ దగ్గర ఒక బొమ్మ కూడా లేదు. చూసినవాళ్ళం మేం నలుగురం మిగిలాం.”

నా తీర్పు

ఇంతసేపు చదివిన మీరు, “మరి నీ మాట ఏమిటి?” అని అడగడం న్యాయమే. ఒక్క నెలలో ఒక్క మనిషి చెయ్యగలిగిన అద్భుతానికి మారడోనా. ఇరవై ఏళ్ళపాటు తగ్గని విద్యకు మెస్సీ. దేశాలు మారినా, వయసు మీరినా వదలని పట్టుదలకు రొనాల్డో. ఆటను ఆలోచనగా మార్చినందుకు క్రైఫ్. అలా ఒక్కొక్క పీట ఒక్కొక్కరికి వేస్తాను. గొంతు మీద కత్తి పెట్టి ఒక్క పేరే చెప్పమంటే, రెఫరీల రక్షణ లేని రోజుల్లో మూడు ప్రపంచ కప్పులలో భాగం పంచుకున్న పీలే పేరు చెబుతాను.

ఇదీ నిష్పాక్షికం కాదని ఒప్పుకుంటాను. 1977 సెప్టెంబరులో పీలే కలకత్తా వచ్చి మోహన్ బగాన్ మీద ఆడాడు. ఆట 2-2తో ముగిసింది. అప్పుడు నాకు పదేళ్ళు. పత్రికలో వచ్చిన ఆయన ఫొటో కత్తిరించి లెక్కల పుస్తకానికి అట్టలోపల అంటించుకున్నాను. మా ఆవిడ అన్నట్టు, నా వోటు ఆ ఫొటోకే పడుతున్నదేమో!

మా అబ్బాయి గోడ మీది జాబితా ఇప్పటికీ ఉంది. పై వరస మారలేదు. మెస్సీని దింపే ఉద్దేశం వాడికి లేదు. కాని బల్ల మీద ఒక కొత్త నోటు పుస్తకం చేరింది. ఆదివారాలు మేష్టారి వాటాకు వెళ్ళి, ఆయన చెప్పినవి రాసుకుని వస్తున్నాడు: ఏ ఏడు, ఏ ఆట, ఎవరు కొట్టారు, ఎలా కొట్టారు. మొదటి పేజీలో తులసీదాస్ బలరాం పేరు ఉంది. పక్కన వరస సంఖ్య వెయ్యలేదు.

మీ ఇంట్లోనూ, మీ వీధిలోనూ అటువంటి పెద్దలు ఎవరైనా ఉంటే, ఈ ఆదివారం ఒక పుస్తకం, కలం పట్టుకుని వెళ్ళండి. ఎవరు మొనగాడన్న వాదన వచ్చే ప్రపంచ కప్పు దాకా ఆగుతుంది. ఆ పెద్దలు ఆగకపోవచ్చు.